లోపం తాండూరు కౌంటరుదని రాసిన రోజు

2004 జూలైలో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా వికారాబాద్ నోడ్‌కు వేశారు. నోడ్ అంటే చుట్టుపక్కల ఊళ్ల ఆఫీసుల కంప్యూటర్ లైన్లన్నీ వచ్చి కలిసే గది. అక్కణ్నుంచి ఒకే పెద్ద లైను హైదరాబాద్ వెళ్తుంది. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఊళ్లలో కౌంటర్లు తెరిచి జనం దగ్గర దరఖాస్తులు తీసుకునే సంస్థల్లో అదొకటి. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఆ గదిలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. ఆ గర్వం నా కొంప ముంచిందని చెప్పుకుంటే బాగుండేది కానీ, మునిగింది వేరేవాళ్ల కొంప.

నాకు అప్పగించిన పని చిన్నదే. హైదరాబాద్‌కూ వికారాబాద్‌కూ మధ్య కొత్త రూటింగ్ ప్రోటోకాల్ పెట్టారు. సమాచారాన్ని ఏ దారిన పంపాలో చూసే పెట్టెలు రూటర్లు. అవి తమకు తెలిసిన దారులను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతిని ప్రోటోకాల్ అంటాం. తాండూరులో ఉన్నది పాత రూటరు, కొత్తదాన్ని నడిపేంత మెమరీ దానికి లేదు. కాబట్టి తాండూరు పాత పద్ధతిలోనే ఉండాలి, రెంటినీ వికారాబాద్‌లో నేను అతకాలి. పాతది క్లాస్‌ఫుల్, అంటే పెద్ద నెట్‌వర్క్‌ను ఏ కొలతలో ముక్కలు చేశారో చెప్పలేనిది. కొత్తది క్లాస్‌లెస్, ముక్కతో పాటు కొలత కూడా చెబుతుంది. హైదరాబాద్ వాళ్లు తమ నెట్‌వర్క్‌ను రకరకాల కొలతల్లో కోసి పెట్టుకున్నారు. ఆ వివరాలేవీ తాండూరుకు చేరే వీలు లేదు. అందుకని నేను తాండూరుకు ఒకే ఒక్క దారి నేర్పాను, డిఫాల్ట్ రూటు. నీకు తెలియని చిరునామా ఏదొచ్చినా వికారాబాద్‌కు పంపెయ్, మిగతాది మేం చూసుకుంటాం అని దానర్థం. ఒక పూటలో పని ముగించి, అయిందని పైకి కబురు చేశాను.

తాండూరు కౌంటర్లో మార్తమ్మ అనే అమ్మాయి కాంట్రాక్టు మీద ఆపరేటరుగా ఉండేది. బంట్వారం మనిషి. తరతరాలుగా పక్కవాళ్ల చేలల్లో కూలికి పోయిన ఇంట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆమే. ఆగస్టు నుంచి దరఖాస్తులన్నీ హైదరాబాద్‌లో పెట్టిన కొత్త సర్వర్లోనే ఎక్కించాలని ఆర్డరు వచ్చింది. ఆర్డరు అమల్లోకి వచ్చిన రోజే మార్తమ్మ ఫోన్ చేసింది.

“సార్, పాత సర్వర్ మంచిగనే తెరుసుకుంటున్నది. కొత్తది మాత్రం ఒస్తలేదు. పక్క టేబుల్ కంప్యూటర్ల గూడ చూసిన, గట్లనే ఉన్నది. కరణ్‌కోట నుంచి ఒచ్చినోళ్లు వాపస్ పోతున్నరు.”

ఇప్పుడు తలుచుకుంటే, లోపం ఎక్కడుందో చెప్పడానికి ఆ నాలుగు మాటలు చాలు. పాతది వస్తోంది, కొత్తది రావడం లేదు, ఏ కంప్యూటర్లోనైనా అంతే. వైద్యుడికి రోగి ఇంతకన్నా వివరంగా చెప్పడు. నేను మాత్రం మా వృత్తిలో అందరూ చేసే పరీక్షే చేశాను. నోడ్‌లో కూర్చుని తాండూరు రూటరుకు చిన్న పరీక్ష సందేశం పంపి పలకరిస్తే జవాబు వచ్చింది. నోడ్ నుంచే హైదరాబాద్ కొత్త సర్వర్‌ను పలకరిస్తే అదీ పలికింది. రెండు వైపులా పలికితే లైను సాఫ్ అని మాలో ఒక లెక్క. నాకు నేర్పినవాళ్లూ అలాగే చేసేవాళ్లు. సాయంత్రం హైదరాబాద్ రైలు అందుకోవాలనుకునేవాళ్లకు అంతకన్నా తేలికైన పద్ధతి లేదు.

“లైను మంచిగనే ఉన్నదమ్మా, నీ కంప్యూటర్లు చూపించుకో,” అన్నాను. ఆమె రోజూ ఫోన్ చేసింది. ఏ గంటకు ఏది తెరుచుకుందో, ఏది తెరుచుకోలేదో రాసిపెట్టుకుని చదివి వినిపించేది. ఒకరోజు విసుగొచ్చి, నాకు నెట్‌వర్క్ పాఠాలు చెబుతున్నావా అన్నాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు.

కరణ్‌కోట గనుల్లో పనిచేసేవాళ్లు ఒకరోజు కూలి మానుకుంటే తప్ప తాండూరు కౌంటరుకు రాలేరు. అలా మూడు నాలుగుసార్లు తిరిగిపోయినవాళ్లు పైకి అర్జీ పెట్టారు. హైదరాబాద్ నుంచి మా డివిజనల్ ఇంజనీరు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగారు, లోపం లైనుదా మనిషిదా అని. లోపాలు నమోదు చేసే ఫాల్ట్ రిజిస్టర్ తెరిచి, మార్తమ్మ మొదటిసారి ఫోన్ చేసిన రోజు నేను రాసిందే చదివాను. ‘లైను సక్రమం. లోపం తాండూరు కౌంటరు వైపు.’ వారం తిరక్కుండా కాంట్రాక్టరు మార్తమ్మను తీసేసి వేరే ఆపరేటరును పెట్టాడు.

కొత్త ఆపరేటరు వచ్చిన మూడోరోజు ఫోన్ చేసి, మార్తమ్మ చెప్పిన మాటలే చెప్పాడు.  మర్నాడు పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లాను. పోస్టింగ్ అయిన మూడు నెలల్లో నేను ఆ ఆఫీసు గడప తొక్కడం అదే మొదటిసారి. కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని, కొత్త సర్వర్‌ను అక్కణ్నుంచి పలకరించాను. పలకలేదు. డిఫాల్ట్ రూటు మాత్రం రూటరు పట్టికలో చక్కగా ఉంది.

జరిగింది ఇది. తాండూరు రూటరును ఒక పాతకాలం పోస్టుమాను అనుకోండి. పరాయి ఊరి ఉత్తరమైతే వికారాబాద్ సంచిలో వేస్తాడు. పాత సర్వర్ వేరే నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి దానికి వెళ్లేవన్నీ అలా చేరేవి. కొత్త సర్వర్‌ను మాత్రం తాండూరు ఉన్న పెద్ద నెట్‌వర్క్‌లోనే మరో ముక్కలో పెట్టారు. అంటే ఊరి పేరు సొంత ఊరిదే, వీధి మాత్రం తెలియనిది. నా ఊళ్లో నాకు తెలియని వీధి ఉంటుందా అనుకుని మన పోస్టుమాను ఆ ఉత్తరాన్ని చించి పారేస్తాడు, సంచి వైపు చూడనైనా చూడడు. పాత రూటర్ల క్లాస్‌ఫుల్ బుద్ధి అంతే. ఆ బుద్ధి మానుకోమని చెప్పడానికి రెండు మాటల కమాండ్ ఒకటుంది. ఆపరేటరు తెప్పించిన చాయ్ చల్లారేలోపు అది కొట్టాను. కొత్త సర్వర్ తెరుచుకుంది. ఆ కమాండ్ నాకు శిక్షణలో చెప్పిందే.

తిరిగొచ్చి రిజిస్టర్లో అసలు కారణం రాశాను. మార్తమ్మను తిరిగి తీసుకోవాలని డివిజనల్ ఇంజనీరుకు ఉత్తరం పెట్టాను. ఆయన చెడ్డవాడేం కాదు. కాంట్రాక్టు మనుషులు కాంట్రాక్టరు ఇష్టం, మన తప్పని కాగితం మీద ఒప్పుకుంటే కౌంటరు ఆగిన అన్ని వారాలకూ మనమే జవాబు చెప్పాలి, ఊరుకో అన్నారు. నేను ఊరుకున్నాను.

అయినా మనసు ఊరుకోలేదు. ఒక ఆదివారం బస్సులో బంట్వారం వెళ్లాను. ప్రార్థన ముగిసి జనం చర్చిలోంచి వస్తున్నారు. మార్తమ్మ ఎవరని అడిగితే చూపించారు, వికారాబాద్ నోడ్ నుంచి వచ్చానంటే ఆమె నా గొంతు గుర్తుపట్టి నిలబడింది. పక్కనున్న ఆమె తండ్రి దండం పెట్టాడు, ఆ దండం తీసుకోవడానికి సిగ్గేసింది. లోపం నాదేనని, ఇప్పుడు బాగైందని చెప్పాను.

“మంచిగైంది సార్, ఇగ కరణ్‌కోటోళ్లు వాపస్ పోరు,” అంది ముందు. ఆ తర్వాత, “వికారాబాద్ల ఒక కాలేజీల కంప్యూటర్ల కాడ పనున్నది. తాండూరుల ఎందుకు తీసేసిన్రని అడుగుతున్నరు. నా తప్పు లేదని రాసియ్యున్రి సార్,” అని అడిగింది.

అక్కడే తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివింది. కింద చూసి, ముద్ర లేదేమని అడిగింది. ముద్ర హైదరాబాద్‌లో ఉంటుంది, దీనికి వేయరు అన్నాను.

“నా తప్పని రాసినప్పుడు ముద్ర అవసరం పడలేదా సార్?”

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.  కాగితం మడిచి తండ్రికిచ్చి, బస్సుకు టైమైతుంది పోయి రాండ్రి అంది. కాలేజీవాళ్లు ముద్రలేని కాగితాన్ని ఒప్పుకోలేదని, ఆమె మళ్లీ పత్తి ఏరే కూలికే పోతోందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు ఉద్యోగం చేశాను. లోపం వాడుకునేవాళ్లదని రాయాల్సి వచ్చినప్పుడల్లా ముందు వెళ్లి వాళ్ల కుర్చీలో కూర్చుని, అక్కణ్నుంచి పరీక్షించాను. నా కింద పనిచేసినవాళ్లకూ అదే నియమం పెట్టాను. ప్రయాణాలు ఎక్కువయ్యాయని అందరూ తిట్టుకున్నారు. రెండు సగాలు విడివిడిగా బాగుంటే మొత్తం దారి బాగున్నట్టు కాదని వాళ్లకు చెప్పేవాణ్ని. ఆ నియమం వల్ల తర్వాత కొందరు ఆపరేటర్ల ఉద్యోగాలు నిలిచాయి. మార్తమ్మ ఉద్యోగం పోయాక పెట్టిన నియమం అది.