మైకు నా చేతికొచ్చిన సాయంత్రం

ఒక్క సాయంత్రం, ఒక్క మైకు, నా ఒక్క నోరు. వీటితోనే పాతబస్తీలోని మా ఛత్రినాక మొత్తం చేత నూడుల్స్ మాన్పించాను నేను. ఈ మాట నిన్న ఆటో డ్రైవర్‌తో కూడా చెప్పాను. కంటి ఆసుపత్రి నుంచి మా బామ్మర్దిని ఇంటికి తీసుకొస్తున్నాను. మా గల్లీ మలుపులో ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఆటో ఆగిపోయింది. గరిటె బాణలికి కొట్టుకునే టకటక, మాడిన ఉల్లిపాయ వాసన, కళ్లు మండించే సాస్ పొగ. బామ్మర్ది కంటికి పట్టీ ఉంది, అయినా మొహం అటే తిప్పాడు. ఆ మొహాన్ని చూస్తూ ఊరికే ఉండలేక నా గొప్ప మొదలుపెట్టాను. డ్రైవర్ అంతా విని, బండి చుట్టూ మూగిన జనం వైపు చూపించి, "మరి గీళ్లంత ఏ ఊరోళ్లు పెద్దమనిషీ?" అన్నాడు. కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. ఛత్రినాక మొత్తం కాదు, మా గల్లీ. మా గల్లీ కూడా కాదేమో. అసలు సంగతి చెప్తాను, వినండి.

నాలుగైదేళ్ల కిందటి మాట. మా మనవరాలు నర్సింగ్ చదువుతున్న రోజులు. బయటి తిండి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చూపించే సినిమా ఒకటి బస్తీ కమ్యూనిటీ హాల్లో వేస్తానంది. మా ఇంటావిడ ఆ కబురు వినగానే కొంగు బిగించింది. ఆమెకు కావలసింది బస్తీ ఆరోగ్యం కాదు, తమ్ముడి కళ్లు. వాడిది పాల వ్యాను. కోడి కూయకముందే లేచి హుస్సేనీ ఆలం దాకా ఇంటింటికీ పాలు పోసి, మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం కాగానే నూడుల్స్ బండి దగ్గర తేలేవాడు. షుగర్ కళ్లలోకి దిగిందని, నోరు కట్టుకోకపోతే చూపు దక్కదని డాక్టర్ అప్పటికే చెప్పేశాడు. వీడు నవ్వాడు. నవ్వితే వాడు మహా అందగాడు, ఏ మాటనైనా ఆ నవ్వులో ముంచేసేవాడు. అక్క పంపిన జొన్నరొట్టె, మెంతికూర బుద్ధిగా తిని, మూతి తుడుచుకుని, మళ్లీ బండి దగ్గరికే నడిచేవాడు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. "నా మాటంటే నవ్వుతడు, డాక్టర్ మాటంటే లేచిపోతడు. నల్గురిల కూసుంటె సిగ్గుకన్న ఇంటడేమో, జెర తోల్కరా నువ్వు" అంది. తోలుకొచ్చాను. అంతవరకు నా పని బాగానే చేశాను.

హాల్లో జంఖానాలు పరిచారు, టెంటుహౌసు తెల్ల పరదా కట్టారు. మనవరాలు నిమ్మకాయ పిండిన మొలకలు దొప్పల్లో పెట్టి పంచింది. మా వరసలోని ముసలాయన దొప్పలోకి తొంగిచూసి, "గిదేంది బిడ్డా, గుర్రాల దాణా మాకు పెడ్తున్నవ్?" అన్నాడు. దాంతో సగం దొప్పలు జంఖానా కిందికి పోయాయి. సినిమా మొదలైన కాసేపటికే స్పీకరు గర్రుమని ఏడ్చి చచ్చిపోయింది. బోనాలకు వాడే మా మైకుసెట్టు ఉంది గానీ దానికీ ల్యాప్‌టాప్‌కూ తీగ కలవలేదు. బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది. గోడంత కోడి తొడ కుతకుత కాగే నూనెలో దిగుతోంది. బర్గర్ మీద చీజు సాగుతోంది. మధ్యలో ఒక డాక్టరమ్మ వచ్చి పెదవులు కదిపి పోతోంది, మళ్లీ కోడి తొడ. మాట లేకపోతే అది హెచ్చరికని ఎవరికి తెలుస్తుంది? పిల్లలు చప్పరిస్తున్నారు. మనవరాలి కళ్లలో నీళ్లు. "తాతా, నువ్వు మస్తు మాట్లాడ్తవ్ గదా, నువ్వే చెప్పరాదే" అని మైకు నా చేతిలో పెట్టింది.

చెడ్డగా చెప్పాలనే మొదలుపెట్టాను, ఒట్టు. నూనె ఎంత నల్లగా ఉందో చూడండన్నాను. అక్కడి నుంచి ఆ నూనెలో ఉల్లిపాయ ఎలా ఎర్రబడుతుందో, సాస్ పడగానే బాణలి ఎలా చుయ్‌మంటుందో, ఎగరేసిన నూడుల్స్ మళ్లీ ఎంత ఒడుపుగా బాణలిలోనే పడతాయో, నా నోరు దాని దారిన అది పోయింది. జనం నవ్వారు. నవ్వే జనం దొరికితే నేను ఆగను. ఆడవాళ్ల వైపు నుంచి మా ఇంటావిడ చేతులు ఊపుతోంటే మెచ్చుకుంటోందనుకున్నాను. చివర్లో పరదా మీద కంటి లోపలి బొమ్మ వచ్చింది. ఎర్రటి పొర, దాని నిండా సన్నటి నరాలు, అక్కడక్కడా చిట్లిన నెత్తురు. చెప్పాల్సిన చోటు అదే. వెనక గోడకు ఆనుకుని బామ్మర్ది తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుతో కుంగిపోయాడనుకున్నాను. అంతమందిలో వాడి కళ్ల గురించి ఎలా అనను? "ఇది చార్మినార్ చుట్టుపక్కల గల్లీల మ్యాపు, తప్పిపోతే పనికొస్తుంది" అన్నాను. హాలు పగలబడి నవ్వింది. మా ఇంటావిడ చేతులు ఊపడం మానేసింది.

దీపాలు వెలగగానే జనమంతా తిన్నగా బండి మీద పడ్డారు. బండి భాయ్ మర్నాడు నన్ను ఆపి, "చాచా, హర్ హఫ్తా ఏక్ పిక్చర్ డాలో నా!" అని వారానికో సినిమా వేయమని బతిమాలాడు. ఆ జనంలో బామ్మర్ది కూడా ఉన్నాడు, చేతిలో పేపరు ప్లేటు. మా ఇంటావిడ మొలకల దొప్ప పట్టుకుని కొంచెం దూరంలో నిలబడి, "తమ్మీ" అని ఒక్కసారి పిలిచింది. "రేపట్నుంచి బంద్ అక్కా, నీ మీద ఒట్టు" అని వాడు నవ్వాడు. ఆమె దొప్ప నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు వాడి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో సూదులు వేయిస్తూ, ఉన్న చూపును ఉన్నట్టు పట్టుకోవాలని చూస్తున్నాం. వ్యాను అమ్మేశాడు. ఆసుపత్రి వరండాలో వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నప్పుడల్లా ఆ మ్యాపు మాటే గుర్తుకొస్తుంది. ఆ ఒక్క క్షణం సరిగ్గా మాట్లాడి ఉంటే వీడి కళ్లు నిలిచేవి కదా అనిపిస్తుంది. గడిచిన కాలం దూరం నుంచి చూస్తే అంతా మన చేతిలోనే ఉన్నట్టు కనబడుతుంది. గడుస్తున్నప్పుడు మాత్రం ఏ కొసా చేతికి దొరకదు.

ఇంతవరకు రాసి, అక్షరాలు వాడికి ఆనవు కాబట్టి నేనే చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంటాడనుకున్నాను.

"నీది మస్తు ఎక్కువ బావా" అన్నాడు. "నువ్వు మైకు పట్టకముందే నేను బండి కాడ ఒక ప్లేటు తినొచ్చిన. కడుపునిండి గోడకు ఒరిగి పండుకున్న. సిగ్గు లేదు, ఏం లేదు, నిద్ర. నువ్వు ఏం చెప్పినవో నేను ఒక్క ముక్క ఇనలే. లొల్లికి లేసి రెండో ప్లేటు తిన్న. నువ్వు మంచిగ చెప్తె గుడ మానేటోణ్ణి కాదు. గీ కన్ను నేను పోగొట్టుకున్నది, నాది. దీన్ని గుడ నీ గొప్పలల్ల కలుపుకోకు."