అమ్మ తగ్గించని మంట

దగ్గరగా కూర్చోండి, చెబుతాను. పెద్ద మంట మీద వేగే క్యాబేజీ వాసన తగిలితే ఇప్పటికీ నార్సింగి రోడ్డు మీద వెళ్తూ వెళ్తూ ఆగిపోతాను.

చందానగర్‌లో అమ్మ నూడుల్స్ బండి పెట్టిన మొదటిరోజు, బర్నర్ బుస్సుమని మంట కడాయి అంచు దాటి లేచింది. అమ్మకు అంటుకుందనుకుని పరుగెత్తి గ్యాస్ కట్టేశాను.

పక్కబండి ఆయన నవ్వాడు. "నీ బిడ్డకే భయమైతుంది. గీ మంట ఆడోళ్లతోని కాదక్కా, ఇడ్లీలు పెట్టుకో."

నూడుల్స్ కోసం నిలబడ్డ నలుగురూ కదలబోయారు.

"జర ఆగుండ్రి" అని అమ్మ కొంగు బిగించింది. నా చేతే గ్యాస్ మళ్లీ తిప్పించి, వెలిగించి, మంట ఇంకా పెంచి, నూడుల్స్ ఎగరేసింది. "ఇడ్లీలు నువ్వే పెట్టుకో అన్నా!"

ఎవరూ కదల్లేదు.

ఆ రోజు అమ్మకూ భయమేసిందని పెద్దయ్యాక తెలిసింది. మంట మాత్రం తగ్గించలేదు.

మీ ఇంట కంచాలు ఎప్పుడూ నిండుగా ఉండాలి.