పెనుకొండను వేళ్లతో చూసిన రోజు

ఈ ప్రయాణం ఒక ఖాళీ జవాబు పత్రంతో మొదలైంది. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, అగళి మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. గోడకు పెద్ద టచ్ ప్యానెల్ బిగించినప్పటి నుంచి మా బడిలో దాన్ని అందరికంటే ఎక్కువగా వాడింది నేనే. కణం లోపల ఏముంటుందో, ఒక కణం రెండుగా ఎలా చీలుతుందో కదిలే బొమ్మలు చేసి చూపించేదాన్ని. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుంటే గర్వంగానే ఉండేది. ఆ పాఠం మీద పరీక్ష పెడితే తొమ్మిదో తరగతి భాగ్య పేరు మాత్రం రాసి కాగితం ఇచ్చేసింది.

పక్కకు పిలిచి అడిగాను.

"మీరు చూడండి, చూడండి అంటాండారు మేడం. నాకు ఆడ వెలుగు ఒక్కటే కనపడతాది."

రెండేళ్లుగా చూపు తగ్గుతోందట. బెంగళూరు ఆసుపత్రిలో అద్దాలతోగానీ ఆపరేషన్‌తోగానీ బాగయ్యేది కాదని చెప్పారట. తోటిపిల్లలు చదివి వినిపిస్తే గుర్తుపెట్టుకుని ఇంతదూరం వచ్చింది. ఏడాదంతా నా తరగతిలో కూర్చున్న పిల్లకు నా బొమ్మలు ఒక్కటీ అందలేదని నాకు తెలియలేదు.

వాళ్ల నాయన ఈరప్ప గొర్రెలు మేపుకుంటాడు. ఇంటికి వెళ్లి మాట్లాడితే, "తొమ్మిదితో సాలు మేడం. పెద్ద పరీక్షలైనాక మానిపిస్తా" అన్నాడు. కోపంగా కాదు, ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నవాడిలా అన్నాడు.

"ఒక్క రోజు పాపను తీసుకుని నాతో రండి. ఇద్దరు సార్లను చూద్దాం. చూశాక మీరేం చెప్పినా మళ్లీ అడగను" అన్నాను. ఆ మాట ఇచ్చాక నాకే భయం వేసింది. ఆ ఒక్క రోజు వృథా అయితే భాగ్య చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం సెలవు పెట్టాను. పొద్దున ఐదున్నరకు ఊరి నుంచి మొదటి పల్లెవెలుగు బస్సు. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, డబ్బులు తీసుకోరు. ఈరప్ప టికెట్టు నేను తీయబోతే వద్దని తనే తీసుకున్నాడు. మడకశిర మీదుగా హిందూపురం చేరేసరికి ఏడుంపావు. స్టేషన్ బయట బండి దగ్గర ఇడ్లీ, చిత్రాన్నం తిని ప్యాసింజరు ఎక్కాం. ఈ దారిన వచ్చేవాళ్లు టిఫిన్ ఇక్కడే కానిచ్చుకోవడం మంచిది. బండిలో టీ తప్ప ఏమీ దొరకలేదు.

ఎదురు సీటులో ఒక రైతు ఖాళీ గోనెసంచులు మడిచి పెట్టుకుని కూర్చున్నాడు. ముందురోజు హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లు అమ్ముకుని ఊరికి పోతున్నాడు. భాగ్య సీటును చేత్తో తడుముకుని కూర్చోవడం గమనించాడు.

"యాడికి పోతాండారు?"

"పెనుకొండ బడికి. తర్వాత ధర్మవరం" అన్నాను.

"కండ్లు సరిగా లేని పాపకు ఇంత తిప్పలు ఎందుకు మేడం? ఇంట్లో పెట్టుకుని సూసుకుంటే పోలా?"

అతను మంచికే అన్నాడు. భాగ్య కిటికీ వైపు తిరిగిపోయింది. ఈరప్ప తలగుడ్డ సర్దుకుని, "పోయి సూస్తే ఏం పోతాది అన్నా" అన్నాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి ధైర్యం అదే.

ఎనిమిదిన్నర దాటాక పెనుకొండలో దిగాం. ఆటోలో బడికి పది నిమిషాలు. ఊరికి ఆనుకునే కొండ, దాని మీద కోట గోడలు. ఖాదర్ బాషా సార్ ఆ బడిలో సాంఘికశాస్త్రం చెబుతారు. ఒక శిక్షణలో పరిచయమయ్యారు. బడిలోని ప్రయోగశాలకు ఇచ్చిన త్రీడీ ప్రింటరు మీద ఆయన పిల్లలు పెనుకొండ కొండనే అచ్చు వేశారు. కంప్యూటరులో పటాలు చూసి ఎత్తులు రాసుకుని, తర్వాత తామే కొండ ఎక్కి సరిచూసుకున్నారట. ప్లాస్టిక్‌తో ముక్కలు ముక్కలుగా అచ్చువేసి అతికించారు. అంతా కలిపి ఒక చాటంత ఉంది.

"తాకు పాపా. తాకేదానికే చేసినాం" అన్నారు సార్.

భాగ్య ముందు రెండు వేళ్లే ఆనించింది. తర్వాత రెండు చేతులూ పెట్టింది. ఒక అమ్మాయి పక్కన నిలబడి, ఇది ఊరు, ఇది మెట్లదారి, ఇది గోడ అని చెబుతూ ఉంటే భాగ్య వేళ్లు కొండ ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి. గోడ విరిగిన చోట ఆగి, "ఈడ గోడ లేదా?" అని అడిగింది. లేదని, అక్కడ నిజంగానే గోడ కూలిపోయిందని ఆ అమ్మాయి చెప్పింది. ఇంకాస్త కిందికి వచ్చి భాగ్య మళ్లీ ఆగింది.

"ఇదేంది?"

"చెరువు."

"చెరువు ఉబ్బి ఉండాదే. నీళ్లు గుట్ట మీద నిలబడతాయా?"

గదిలో అందరూ దగ్గరికి వచ్చి వంగారు. చెరువు నీలంగా ఉంది, అందంగానే ఉంది, కాని చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా ఉంది. కంప్యూటరులో లోతు వేయాల్సిన చోట ఎత్తు వేసేశారు. ఖాదర్ బాషా సార్ నవ్వారు.

"నెల రోజులుగా అందరూ చూసి బాగుందని పోతాండారు. నేనూ రోజూ చూస్తాండా. ఎవరికీ తెలియలేదు."

పిల్లలు అప్పుడే కంప్యూటరు ముందు చేరి, ఎంత లోతు పెట్టాలో భాగ్యను అడగడం మొదలుపెట్టారు. మా బడిలో ఆమెను ఎవరూ ఏదీ అడగగా నేను చూడలేదు. నేనూ అడగలేదు.

వారం ముందు నేను ఫోనులో అడిగినందుకు సార్ ఒక కణాన్ని కూడా అచ్చువేసి ఉంచారు. అరచేతిలో పట్టేంత ఉంది. నేను మూడు వారాలు ప్యానెల్ మీద చూపించిన పాఠాన్ని భాగ్య ఐదు నిమిషాల్లో అప్పజెప్పింది. కేంద్రకం దగ్గర బొటనవేలు ఆనించి, "ఇంతేనా మేడం?" అంది. నేను తల ఊపాను. అది ఆమెకు కనపడదని గుర్తొచ్చి, "ఇంతే" అని పైకి చెప్పాను.

పదకొండున్నరకు ధర్మవరం బస్సు ఎక్కాం. ఆ వేళకు రైలు లేదు. గంటా పావు ప్రయాణం. రెండు వైపులా శనగ కోతలైన చేలు, రాళ్ల గుట్టలు. బస్టాండు పక్కన మెస్‌లో సంగటి, శనక్కాయ పచ్చడి తిన్నాం. బడికి నడిచే వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడు. ఇది చేతిమగ్గం, ఇది కరెంటు మగ్గం అని భాగ్య చప్పుడును బట్టి విడదీసి చెప్పింది. సరిచూద్దామని ఒక గుమ్మం ముందు ఆగాను. సరిగ్గానే చెప్పింది.

ఆ బడిలో ఓబులేసు సార్ ఇంగ్లీషు చెబుతారు. పుట్టుకతోనే చూపు లేదు. మేం వెళ్లేసరికి ఎనిమిదో తరగతిలో ఉన్నారు. వెనక బెంచీలో కూర్చున్నాం. ఆయన చొక్కా జేబులో ఫోను, ఒక చెవిలో ఇయర్‌ఫోన్. ఫోను ఆయనకు పాఠం చదివి వినిపిస్తోంది, ఆయన వేలు కదిపితే ఆ పేజీ ప్యానెల్ మీద పిల్లలకు కనిపిస్తోంది. జవాబు చెప్పే పిల్లలు ముందు తమ పేరు చెప్పి తర్వాత జవాబు చెబుతున్నారు. పాఠం మధ్యలో కరెంటు పోయింది. ప్యానెల్ నల్లబడింది. నేనైతే ఆగిపోయేదాన్ని. పిల్లలు 'ఓ' అనేసరికి విషయం తెలిసి, "బోర్డు పోయింది గాని మనం ఉండాం కదా" అని ఆయన మాట ఆపకుండా కొనసాగించారు.

గంట కొట్టాక భాగ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమెకిద్దామని నేను తెచ్చిన నా పాత ఫోనును చేతికిప్పించారు. తెర మీద వేలు పెడితే అక్కడ ఏముందో ఫోను తెలుగులో చెబుతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కెమెరాతో పుస్తకం పేజీ తీస్తే చదువుతుంది. మొదటిసారి పేజీ వంకరగా పడి ఫోను అర్థంపర్థం లేని అక్షరాలు చదివింది. పుస్తకం అంచులకు మోచేతులు ఆనించి ఫోనును నిటారుగా పైకి ఎత్తడం నేర్పారు. మూడోసారికి పేజీ మొత్తం చదివింది. బొమ్మలను వివరించే ఏఐ యాప్ కూడా చూపించారు. దాని ముందు మా పుస్తకంలోని కణం బొమ్మ పెడితే, "పళ్లెంలో గుడ్డు అట్టు ఉంది" అని చెప్పింది. భాగ్య ఆ రోజు మొదటిసారి గట్టిగా నవ్వింది.

"ఇది మాటకారి పాపా" అన్నారు సార్. "తెలియకపోయినా తెలిసినట్టే చెప్తాది. అనుమానం వస్తే పక్కన మనిషిని అడుగు. అడిగేదానికి సిగ్గు పడొద్దు."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ ఈరప్ప ముందుకు వచ్చాడు.

"సార్, మీరు ఇంటికి ఎట్ల పోతారు?"

"కూచో అప్పా. కర్ర పట్టుకుని పోతా. మొదట్లో మా అన్న నెల రోజులు మాట్లాడకుండా నా వెనక నడిచినాడు. దారి నా కాళ్లకు తెలిసినాక మానేసినాడు."

"మా పాప బస్సు దిగి వస్తా వస్తా కాలవలో పడింది. రెండుసార్లు. మసక పడితే ఏమీ కనపడదు. నేను గొర్రెలతో గుట్ట మీద ఉంటా." ఈరప్ప గొంతు తగ్గించాడు. "సదువు వద్దని కాదు సార్. యా పొద్దు ఏమైతాదో అని."

కారణం ఇదని నాకు అంతవరకు చెప్పలేదు. నేనూ అడగలేదు. భాగ్యను మసకవేళ దాకా బడిలో ఉంచుతున్న ప్రత్యేక తరగతులు నావే.

"ఫోను గుంతను సూపించదు అప్పా" అన్నారు ఓబులేసు సార్. "దానికి కర్ర కావాల, మనిషి కావాల. కర్ర పట్టుకునేది నేర్పించేవాళ్లు ఉండారు, నేను మాట్లాడతా. మనిషి సంగతి మీరు చూసుకోండి."

"సోమవారం నుంచి ప్రత్యేక తరగతులు పొద్దునకు మారుస్తాను" అన్నాను. హెడ్మాస్టరును అడగలేదు, మిగతా పిల్లలను అడగలేదు. అడిగి ఒప్పించాల్సిన పని నాది.

పరీక్షలో భాగ్య చెబితే రాసే మనిషిని, అదనపు సమయాన్ని ఎలా అడగాలో ఓబులేసు సార్ చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. మూడున్నరకు బయటపడ్డాం. స్టేషన్ దారిలో ఈరప్ప పశువుల మందుల దుకాణం దగ్గర ఆగి గొర్రెల కడుపులో పురుగులకు వేసే నట్టల మందు సీసా ఒకటి కొన్నాడు. నాలుగూ ఇరవైకి హిందూపురం వైపు ప్యాసింజరు. శనివారం సాయంత్రమైనా సీట్లు దొరికాయి.

బండి కదిలిన కొంతసేపటికి ఈరప్ప సంచిలోంచి ఆ సీసా తీశాడు. కాసేపు చేతిలో తిప్పాడు. అతనికి చదువు రాదు.

"దీని మీద ఏం రాసిండాదో నీ ఫోను సెప్తాదా?" అని కూతురిని అడిగాడు.

భాగ్య మోచేతులు మోకాళ్లకు ఆనించి ఫోను ఎత్తింది. సీసా గుండ్రంగా ఉంది, బండి ఊగుతోంది. నాలుగుసార్లు పట్టింది. చివరికి ఫోను ఆ ఇంగ్లీషును తెలుగు చేసి చదివింది.

"నాయనా, తాపించే ముందు బాగా కదపాలంట. గొర్రె బరువును బట్టి తాపించాలంట."

"నేను అన్నిటికీ మూతెడే తాపిస్తాండా, ఇన్నేండ్లుగా" అన్నాడు ఈరప్ప.

భాగ్య ఇంకోసారి వింది. సీసా నా వైపు చాపింది. "మేడం, ఈ అంకె సరిగ్గా చదివిందా, మీరు చూడండి."

చూశాను. ఫోను దశాంశ చుక్కను వదిలేసింది. అది చెప్పినంత తాపిస్తే మందు పదింతలయ్యేది. ఆ మాట చెప్పాక భాగ్య సరైన లెక్కను తండ్రికి రెండుసార్లు వివరించింది, ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంట్లో మాట్లాడే కన్నడంలో. ఈరప్ప ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నాడు.

ఈ దారిన రాదలచిన ఉపాధ్యాయులకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఒక్క రోజు చాలు. ప్రింటరు లేకపోయినా పరవాలేదు, కణాన్ని బంకమట్టితోనైనా చేయొచ్చు. కాని బడిలోకి కొత్తగా ఏ పరికరం వచ్చినా అది ఏ పిల్లకు అందడం లేదో ముందు వెతకాలి. నేను ఆ పని ఏడాది ఆలస్యంగా మొదలుపెట్టాను.

పెనుకొండ దాటాక ఎండ పలచబడింది. ఈరప్ప సీసాను సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని అడిగాడు.

"పొద్దున క్లాసులు ఎన్ని గంటలకు మేడం?"

"ఎనిమిదికి."

అతను వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"అయితే గొర్రెల్ని తొమ్మిదికి తోల్తాలే. పాపను బడి కాడ దింపి వచ్చినాక."