బాల్‌స్క్రూ మీద అక్షింతలు

ముదిగుబ్బ చుట్టుపక్కల బయ్యన్నను ఎరగని రైతు లేడు. ఇరవై ఏళ్లు బోరు మోటారు కాలితే అతని దగ్గరికే తెచ్చేవారు. మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుట్టి, సాయంత్రానికి తిరిగేలా చేసి పంపేవాడు. రెండువేల సంవత్సరం దాటాక బోర్లు వరసపెట్టి ఎండిపోయాయి. తిరగని మోటారు కాలేదెట్లా? కరువు వస్తే రైతు ఏడుపు పేపర్లో అయినా పడుతుంది. మోటార్లు కట్టేవాడి ఏడుపు పక్కింటివాళ్లకు కూడా వినపడదు.

బెంగళూరులో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాలని బామ్మర్ది కబురు మీద కబురు పంపుతున్నాడు. ఆ మాట వింటేనే బయ్యన్నకు ఒళ్లు మండేది. చప్పుడు విని మోటారు జబ్బు చెప్పగలిగినవాడు ఎవరి కారుకో గేటు తీయాలా?

ఒకసారి అదే బెంగళూరులో, కంప్యూటర్ చెప్పినట్టు తనంతట తానే చెక్క చెక్కే సీఎన్‌సీ యంత్రాన్ని చూశాడు. దాని ముందే ఒక పూటంతా నిలబడి ఇంటికొచ్చి, తానే ఒకటి కట్టుకుంటానన్నాడు. భార్య రామక్క నవ్వలేదు. అదే అతనికి పెద్ద బలం.

ఏడాదిన్నర పట్టింది. పాత ఇనుము బజారులో స్క్రూల కోసమే మూడుసార్లు తిరిగాడు. మామూలు మరల కడ్డీ అయితే దిశ మారినప్పుడల్లా కొంచెం వదులు తగులుతుంది, గీత చెడుతుంది. బాల్‌స్క్రూ నట్టులో చిన్న ఉక్కు గుండ్లు దొర్లుతాయి కాబట్టి ఆ వదులుండదు. పొడుగు స్క్రూలు రెండు రకాలు దొరికాయి. ఒకదానికి దుమ్మును ఆపే రబ్బరు రింగులు బాగున్నాయి, నట్టు మాత్రం ఊగుతోంది. రెండోదాన్ని నిలువుగా పట్టుకుంటే నట్టు తనంతట తాను తిరుగుతూ మెత్తగా కిందికి దిగింది. రింగులే అరిగిపోయాయి.

"తీసుకో అన్నా, బంగారమట్లా సరుకు. దుమ్ము పడితే మాత్రం పట్టేస్తాది" అన్నాడు అమ్మే ముసలాయన.

"గుడ్డ కప్పుకుంటాలే" అని బయ్యన్న రెండోదే తెచ్చుకున్నాడు.

స్క్రూకు మోటారు తగిలించే వైపు రెండు బేరింగులు ఎదురెదురుగా బిగించాడు. రెండో చివర ఒక్కటే వేసి, ముదిగుబ్బ ఎండకు స్క్రూ సాగితే జరగడానికి చోటు వదిలాడు. ఇక మోటారు. బోరు మోటారు మొండిది, నీళ్లు లాగలేకపోతే కాలి చస్తుంది. ఇది వేరే జాతి, గడియారం ముల్లులా ఒక్కో అడుగూ వేస్తూ తిరిగే స్టెప్పర్ మోటారు. చుట్టుకు పదహారు వందల అడుగులు వేసేలా దాన్ని నడిపే డ్రైవరు పెట్టె మీది చిన్న మీటలు సరిచేశాడు. వేడెక్కకుండా కరెంటు తగ్గించాడు. దీనికి ఒకటే గుణం నచ్చలేదు. దారిలో ఏదైనా అడ్డుపడి అడుగు తప్పితే తప్పానని దీనికి తెలియదు. అంతా సరిగ్గానే ఉందనుకుని ముందుకు పోతుంది.

పనికిరాని చెక్క మీద నెమలిని చెక్కితే ఈకలు లెక్కపెట్టగలిగేటట్టు వచ్చింది. అది చూసి, కొత్తచెరువులో ఇనుప సామాన్ల వ్యాపారి జయరామయ్య, కడుతున్న ఇంటికి తలుపు చేయమన్నాడు. వాళ్ల తాత దాచిన టేకు పలక, నడుమ గజలక్ష్మి. "బాగా వచ్చిందంటే ఊర్లో ఇంగ నాలుగిండ్లకు నేనే చెప్తా" అన్నాడు. ముదిగుబ్బలో బతకడమా, గేటు కాడ నిలబడడమా అన్నది ఆ పలక మీదే తేలాలి.

ఆయుధపూజ నాడు మొదలుపెడదామని జయరామయ్య అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చాడు. యంత్రమంతా పూలు, పసుపు, కుంకుమ. స్క్రూ మీద మాత్రం గుడ్డ.

"అదేమప్పా, దాన్ని దాచిపెట్టినావే?"

"అది నడిపే స్క్రూ, శెట్టిగారూ. దుమ్ము పడకూడదని..."

"నడిపేదానికి పూజ చేయకుండా ఇంగ దేనికి చేస్తారు?" అన్నాడు అయ్యవారు.

వెంట్రుకలో సగం తేడా పట్టుకోగలిగిన మనిషికి 'వద్దు' అన్న ఒక్క మాట నోట రాలేదు. మంచి పని మొదట్లో అడ్డుమాట ఎట్లా అనడం? నిజం చెప్పాలంటే అతనికీ లోపల భయమే. దేవుడి దీవెన కూడా ఉంటే మంచిదనిపించింది. తన చేత్తోనే గుడ్డ తీశాడు. అందరూ గుప్పెడు గుప్పెడు అక్షింతలు చల్లారు. తర్వాత ఒకటికి రెండుసార్లు తుడిచి యంత్రం నడిపాడు.

రెండు గంటలు చక్కగా నడిచింది. భోజనానికి కూర్చోకపోతే బాగుండదని జయరామయ్య పట్టుబట్టాడు. విస్తరి ముందు రెండో ముద్ద ఎత్తేసరికి లోపలి నుంచి గర్రుమని చప్పుడు. బయ్యన్న ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. అప్పటికే స్క్రూ ఒక్క క్షణం పట్టి వదిలేసింది. యంత్రం ఏమీ జరగనట్టు శ్రద్ధగా చెక్కుతూనే ఉంది. లక్ష్మి ముఖం మెడ మీద లేదు. బొటనవేలంత పక్కకు జరిగి ఉంది.

అక్కడే నట్టు విప్పాడు. గుండ్ల మధ్య నలిగిన బియ్యపు గింజ, పసుపుగా. అరచేతిలో పెట్టి చూపించాడు.

"చూడండి. ఇది అడ్డం పడింది."

ఎవరూ దగ్గరికి రాలేదు.

"అక్షింతల మీద నెపం పెడతాండావా?" అన్నాడు జయరామయ్య. "గుడ్డ తీసింది నువ్వే గదప్పా."

అతనన్నదీ నిజమే, అదే ఎక్కువ మండింది.

అక్షింతలు వేస్తే లక్ష్మి ముఖం చెరిపిన మిషను అని మాట కదిరి దాకా పోయింది. బయ్యన్న నట్టును కిరోసిన్‌లో కడిగి, గుండ్లు ఎక్కించి, నడిపి చూశాడు. వెంట్రుక తేడా లేదు. చూడడానికే ఎవరూ రాలేదు. ఏడాది ఎదురుచూశాడు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. మర్నాడు పొద్దున బామ్మర్ది చెప్పిన పనికి బెంగళూరు బస్సు. సామాన్లు మూట కట్టి ఉన్నాయి. రామక్క తీగ చుట్టే వైండింగ్ మిషనుకు బొట్టు పెట్టి, పళ్లెంతో ఆ యంత్రం ముందు ఆగిపోయింది. దాని మీద గుడ్డ అట్లాగే ఉంది.

"దీనికి పెట్టనా, వద్దా?"

బయ్యన్న లేచి వెళ్లి గుడ్డ తీశాడు.

"పెట్టు. అక్షింతలు కూడా వెయ్. ఇంగ దానికేమీ కాదు."