కాకరకాయ మిషను

మా మేడంకి షుగరు. డాక్టరు కాకరకాయ తినమన్నాడు కానీ, దాన్ని ఎవరు గుల్ల చెయ్యాలో చెప్పలేదు. ఈ అరబ్బు దేశంలో, ఇబ్రా అనే ఊళ్లోని ఆ ఇంట్లో అలాంటి పనులన్నీ నావే. అంగట్లో దొరికేవి వేలెడంత చిట్టి కాకరకాయలు. ఒక్కొక్కదాని కడుపులోంచి గింజలు గీకి, మా కడప పద్ధతిలో శెనక్కాయల కారం కూరేసరికి నా గోళ్ల చేదు అన్నంలోకి కూడా వచ్చేది.

అలాంటి రోజుల్లో మేడం సామాన్ల గది సర్దమంది. పనికొచ్చేవి తీసుకో, మిగతావి పారెయ్ అని కూడా అంది. ఆ మాట నేను బాగా గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే తర్వాత ఆవిడ మర్చిపోయింది.

ఆ గదిలో ఒక రేకు డబ్బా, అందులో జానెడు ఇనప మిషను. అడుగున బల్లకు బిగించే మర. ఒక చివర దేన్నో కరిచి పట్టుకునే నోరు. రెండో చివర ఒక కడ్డీ, దాని కొన చుట్టూ పళ్లు, వెనకాల తిప్పడానికి పిడి. చూడగానే అర్థమైపోయింది. మా ఇంట్లో కొబ్బరి కోరే మిషన్ని ఇలాగే బల్లకు బిగిస్తాం, ఇలాగే తిప్పుతాం. ఇది దాని పిల్ల. కొబ్బరికి చాలదు కాబట్టి కాకరకాయకే. దీన్ని చేసిన మహానుభావుడెవరో పెళ్లాం గోళ్లు చూసి ఉంటాడనుకున్నాను.

ఒకటే లోపం. కడ్డీ కొంత దూరం పోయి ఆగిపోయేది, కాకరకాయ సగమే గుల్లయ్యేది. చూస్తే కడ్డీకి చిన్న కడియం, దానికో స్క్రూ. కత్తి మొనతో వదులు చేసి కడియాన్ని వెనక్కి జరిపాను. అంతే, గింజలన్నీ బయటికొచ్చాయి. అదే డబ్బాలో గుడ్డలో చుట్టిన ఇత్తడి గొట్టం కూడా ఒకటి దొరికింది. చింతపండు పెట్టి తోమితే తళతళలాడింది. దేవుడి పటం ముందు అగరుబత్తి గుచ్చుకోవడానికి బాగుందని నా రూముకి తీసుకెళ్లాను.

ఇంట్లో అందరూ కాకరకాయలు తిన్నారు, నన్ను మెచ్చుకున్నారు. అప్పుడే సోహార్‌లో కూతురింటికి వెళ్లిన పెద్ద బాబా, అంటే మేడం మామగారు, తిరిగొచ్చాడు. మనవడి పెళ్లి దగ్గరపడింది. వంటింటి గుమ్మంలో నిలబడి, మిషను తిప్పుతున్న నా వైపు చూశాడు.

"ఏష్ హాదా?" అన్నాడు. ఇదేంటి అని. నేను కాకరకాయ ఎత్తి చూపించాను. ఆయన అడిగింది కాకరకాయ గురించి కాదని ఆ తర్వాతి కేక విన్నాక తెలిసింది.

ఆ కేకకి డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. జగిత్యాల మనిషి, ఇక్కడే తల నెరిసినవాడు, అరబ్బీ మంచినీళ్లలా మాట్లాడతాడు. బాబా చెప్పిందంతా విని నెత్తి కొట్టుకున్నాడు.

"కొంప ముంచినవ్ గదక్కా! అది కాకరకాయల మిషను గాదు. తూటాలు కోసేది."

"తూటాలు కోసేదేంది? తూటా ఏమన్నా సొరకాయనా?"

అప్పుడు విడమరిచి చెప్పాడు. ఇక్కడి పెళ్లిళ్లలో మగవాళ్లు తాతల నాటి తుపాకులు పట్టుకుని పాడుతూ ఆడతారు. గుండు లేకుండా ఉత్త మందుతో ఆకాశంలోకి పేలుస్తారు. పేల్చిన ప్రతిసారీ తూటా ఇత్తడి గొట్టం మూతి కాస్త సాగుతుంది. సాగినది మళ్లీ తుపాకీలో కూర్చోదు. అందుకని ఈ మిషనులో పెట్టి ఆ కాస్తా కోసేస్తారు. ఎంత కోయాలో చెప్పేది నేను జరిపిన కడియం. దాన్ని పెద్ద బాబా తండ్రి తన తుపాకీకి సరిగ్గా బిగించి పోయాడు. తర్వాత ఆ స్క్రూ మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదు, నేను తప్ప.

"తక్కువ కోస్తే తుపాకి మూసుకోదట, ఎక్కువ కోస్తే తూటా ఖరాబైతదట. పెండ్లికి బాబా తమ్ముడు సుత తుపాకి తెస్తున్నడు. మా నాయిన తుపాకి పలకకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె అంటున్నడు."

పారెయ్ అన్న మేడం ఫోన్లో తల దూర్చేసింది. తప్పు నాదంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ ముసలాయన వంటింటి స్టూలు మీద కూలబడి, కడియాన్ని అటూ ఇటూ జరుపుతూ కళ్లు తుడుచుకుంటుంటే పొయ్యి ఆపేసి దగ్గరికి వెళ్లాను. ఆయన ఏదో గొణిగాడు.

"గుడ్డల ఒక తూటా ఉండెనట. కొలతకని వాళ్ల నాయిన కోసి పెట్టిండట. అదుంటే మళ్ల బిగిస్తనంటున్నడు" అన్నాడు డ్రైవరు.

నేను ఒక్క పరుగున రూముకి పోయాను. అగరుబత్తి ఇంకా వెలుగుతోంది. దేవుడికి ఒక మాట చెప్పి, దాన్ని పీకి పక్కన పెట్టి, గొట్టం తెచ్చి బాబా చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బోర్లించి ఊదాడు. బూడిద ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మాడు.

"ఏడ వెట్టినవక్కా దీన్ని?"

"దేవుని కాడ పెట్టినా. మీ సామాన్ల రూములో కంటే బద్రంగానే ఉండాది, చెప్పు ఆయప్పకు."

డ్రైవరు ఏం చెప్పాడో గానీ బాబా తల ఊపాడు. ముందు మిషను పళ్లలోని కాకర గింజలన్నీ నా చేత కడిగించాడు. తర్వాత తండ్రి కోసిన గొట్టాన్ని మిషను నోట్లో పెట్టి, పళ్లు దాని అంచుకి తగిలీ తగలనట్టు కడ్డీని ఆపి, అక్కడికి కడియం జరిపి స్క్రూ బిగించాడు. ఆయన చేతులు వణుకుతాయి. అందుకని ఆయన గొట్టాలు పెడుతుంటే నేను పిడి తిప్పాను. నా వంటింటి బల్ల మీద ఇత్తడి రజను రాలింది. నేను బంగాళాదుంపల కళ్లు తీసే చిన్న పనిముట్టు కూడా ఆయన లాక్కున్నాడు. అది కోసిన మూతి నునుపు చెయ్యడానికట.

పెళ్లినాడు ఆడవాళ్ల వైపు పళ్లేలు సర్దుతూ చెవులు రిక్కించుకుని ఉన్నాను. ముందు తమ్ముడి తుపాకీ పేలింది. తర్వాత ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. దేవుడా, ఆ బూడిద లోపలే ఉండిపోయిందేమో అనుకున్నాను. అంతలో పళ్లేలు అదిరేలా ఢామ్మంది. "మాదే, మాదే!" అని నేను తెలుగులో అరిచాను. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ నవ్వారు.

పెళ్లయ్యాక మిషను డబ్బాలోకి పోయింది, నేను మళ్లీ గోళ్లతో కాకరకాయల దగ్గర కూర్చున్నాను. ఒకరోజు పెద్ద బాబా ఆ డబ్బాతో వంటింట్లోకి వచ్చాడు. మిషన్ని తనే బల్లకు బిగించి నన్ను దగ్గరికి పిలిచాడు. కడ్డీ మీద ఆకురాయితో గీసిన రెండు కొత్త గీతలున్నాయి. మొదటి గీత మీద వేలు పెట్టి, హాలు గోడకున్న తండ్రి ఫోటో వైపు చూపించాడు. రెండో గీత మీద వేలు పెట్టి నా కాకరకాయల బుట్ట వైపు చూపించాడు.

"మాఫీ ముష్కిల్" అన్నాడు. ఇబ్బంది లేదని.

కడియాన్ని రెండో గీతకి జరిపి, మొదటి కాకరకాయ ఆయనే గుల్ల చేశాడు. దాన్ని కంటికి ఆనించి, తుపాకీ గొట్టంలోంచి చూసినట్టు నా వైపు చూశాడు.