చిలుము బాబాయి ఆదివారాలు

చిలుము బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఆగి ఉన్న మోటార్‌సైకిల్ కనబడితే దాని సైడు మూత తీసి, బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్ళు చూడందే ముందుకు కదల్లేడు. బండి ఎవరిదన్న పట్టింపు లేదు. పోలీసుదైనా సరే, పెళ్ళికొడుకుదైనా సరే. ఎదురైన మనిషిని లోకమంతా "బావున్నారా?" అని పలకరిస్తే, ఈయన "టెర్మినల్ చూసుకున్నారా?" అని పలకరిస్తాడు.

ఉద్యోగం చేసినంతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీ కింది గదిలో, ఏనుగుల్లా వరసగా నిలబడిన పెద్ద పెద్ద బ్యాటరీలను సాకాడు. రిటైరయ్యాక ఏనుగులు దూరమై ఊళ్ళో ఎలుకపిల్లలు మిగిలాయి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సినచోట పాత టూత్‌బ్రష్షు, సంచిలో వంటసోడా పొట్లం, వేసలిన్ డబ్బా, ఫ్లాస్కులో వేడినీళ్ళు, పది నంబరు పానా. ఇదీ ఆయన సంసారం. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొంగిన చిలుము కనబడిందా, ఇక ఆ ముఖంలో వెలుగు చూడాలి! తప్పిపోయిన మేనల్లుడు దొరికినట్టే.

సోడా నీళ్ళు పోస్తే చిలుము బుస్సున పొంగుతుంది. "చూశారా, చూశారా! ఎలా ఏడుస్తోందో!" అని దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చూపిస్తాడు. ఒకసారి ఎవరిదో బండి దగ్గర ఇలాగే కూర్చుంటే, బండాయన "దొంగ, దొంగ!" అంటూ పరిగెత్తుకొచ్చి కాలరు పట్టుకున్నాడు. బాబాయి పట్టు విడిపించుకోలేదు సరికదా, తల కూడా ఎత్తలేదు. "ఆగవయ్యా, కొట్టేదుంటే తరవాత కొట్టు. నెగటివ్ ఇంకా బిగించలేదు" అన్నాడు.

మనుషుల వ్యవహారాల్లోనూ ఆయనకు తెలిసిన వైద్యం అదే. మేడమీది మొగుడూ పెళ్ళాం ఓసారి గిన్నెలు ఎగిరేలా పోట్లాడుకుంటే, పెద్దమనిషి కదా అని ఇరుగుపొరుగు ఈయన్ని పంపారు. అంతా విని, "ఏం లేదమ్మా, మీ ఇద్దరి మధ్యా కాంటాక్టు లేదు. ముందు ఒకరు ఊడి రావాలి. శుభ్రం చేసి మళ్ళీ బిగించుకోవచ్చు" అన్నాడు. ఆ ఇద్దరూ అప్పటికప్పుడు ఏకమై ఆయన్ని గుమ్మం దాటించి తలుపేసుకున్నారు.

ఆ మేడలోనే రెండో అంతస్తులో కళ్ళజోళ్ళ షాపాయన ఉండేవాడు. వయసు యాభై దాటింది. భార్య ఆ ఏడు వేసవిలో పోయింది. షాపులో పొద్దస్తమానం "ఈ అక్షరం కనబడుతోందా? ఇది? పోనీ ఇది?" అని అడిగేవాడు. ఇంటికొచ్చాక అడగడానికీ, చెప్పడానికీ ఎవరూ లేరు. ఆదివారం షాపు మూత. ఒక సోమవారం పొద్దున మొదటి బేరాన్ని "రండి, కూర్చోండి" అనబోతే గొంతు పెగల్లేదు. శనివారం సాయంత్రం నుంచి తను ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. మంచినీళ్ళు తాగి, మళ్ళీ అక్షరాలు చూపించడం మొదలుపెట్టాడు.

మోటార్‌సైకిల్ మెట్లకింద దుమ్ము కొట్టుకుపోతోంది. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని నడపబుద్ధి కాక, షాపుకు నడిచే వెళ్ళి వస్తున్నాడు.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. చిలుము బాబాయి.

"మీ బండికి గడ్డం మొలిచింది."

"ఏమిటండీ?"

"టెర్మినళ్ళకి. ఇంతేసి గడ్డం. కిందకి రండి, చూద్దురుగాని."

"ఉండనీండి బాబాయ్. నేను బండి తియ్యడం లేదు."

"తియ్యకపోతే బ్యాటరీ లోపల్లోపలే చస్తుంది. వచ్చేటప్పుడు పాత బనీను ఏదైనా ఉంటే పట్టుకురండి."

బాబాయిని వదిలించుకోవడం కంటే బనీను ఇవ్వడం తేలికని షాపాయన కిందికి దిగాడు. "ముందెప్పుడూ నెగటివ్ ఊడదీయాలి, బిగించేటప్పుడు అది ఆఖర్న" అంటూ బాబాయి పాఠం మొదలెట్టాడు. గడ్డం గీయడమైతే పూర్తయింది గానీ, పేషెంటు అప్పటికే పోయాడని తేలింది. మర్నాడు షాపాయన కొత్త బ్యాటరీ తెచ్చి వేయించాడు. బండి మొదటి నొక్కుకే లేచింది. బాబాయి టెర్మినళ్ళకు కాటుక దిద్దినంత శ్రద్ధగా వేసలిన్ పూసి, "ఇక ఏళ్ళ తరబడి దీని జోలికి రానక్కర్లేదు" అని ఆశీర్వదించాడు.

ఆ తరవాతి ఆదివారానికల్లా మళ్ళీ వచ్చాడు.

"ఊరికే ఒకసారి స్టార్టు చేసి చూడండి."

షాపాయన బటన్ నొక్కాడు. టిక్కుమంది. అంతే.

"అయ్యయ్యో! పాలుగారే పసిది! ఏం అకాల మరణమయ్యా ఇది!" అని బాబాయి నుదురు కొట్టుకుని, మూత తీసి, ఏదో సర్ది బిగించాడు. బండి లేచింది. "ఆపకండి, ఆపకండి! ఒక అరగంట తిప్పితేగానీ చార్జవదు. నేను వెనకాల కూర్చుని శబ్దం వింటాను."

ఊరి చివరిదాకా వెళ్ళారు. టీ బంకు దగ్గర ఆగి టీ తాగారు. ఏం మాట్లాడాలో తోచక షాపాయన తన షాపులో అద్దాలు ఎలా అరగదీస్తారో చెప్పాడు. బాబాయి నోరు తెరుచుకుని విన్నాడు.

ఆ తరవాత ఆదివారం వస్తే చాలు, బ్యాటరీ ప్రాణం విడిచేది. బాబాయి ఒక్కో వారం ఒక్కో నేరస్థుణ్ణి పట్టేవాడు. ఒకవారం ఫ్యూజు, ఒకవారం హారను, మరోవారం ఎలుకలు. విచారణ ముగిశాక శబ్దం వినడం మాత్రం తప్పేది కాదు. రోజులు గడిచేకొద్దీ టీ బంకు దాటి వంతెనదాకా, వంతెన దాటి రైలుగేటుదాకా ఆ శబ్దాన్ని వినాల్సివచ్చింది.

రైలుగేటు దగ్గర ఒకరోజు షాపాయన తన భార్య గురించి చెప్పాడు. "బండి నేను నడిపేవాణ్ణనే గానీ, నడిపించింది ఆవిడే బాబాయ్. ఎటు తిరగాలో నోటితో చెప్పేది కాదు. వెనకనుంచి భుజం మీద కొట్టేది."

"ఏ భుజం?"

"ఎటు తిరగాలంటే ఆ భుజం."

తిరుగు ప్రయాణంలో బాబాయి, అలవాటుగా షాపాయన భుజాల మీద ఉండే చేతులు తీసి, వెనక కడ్డీ పట్టుకుని, గతుకు గతుక్కీ ఎగిరిపడుతూ ఇల్లు చేరాడు.

ఒక శనివారం షాపాయనకు విసుగొచ్చింది. ఈ అకాల మరణాల సంగతి తేల్చాలని, షాపు పక్కనున్న మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చి బండి చూపించాడు. మెకానిక్ మీటరు పెట్టి చూసి, మొన్నటి ఆదివారం బాబాయి బిగించిన టెర్మినల్ నట్టును కదిలించి చూసి, నవ్వాడు.

"బ్యాటరీ రాయిలా ఉంది సార్. చార్జింగూ బావుంది. దీనికి ఏ రోగమూ లేదు."

"మరి వారం వారం ఎందుకు చస్తోంది?"

"నట్టు వదులైతే స్టార్టవదు సార్. కానీ ఇంత గట్టి నట్టు దానంతటది వదులవదు. ఎవరో తిప్పాలి."

ఆదివారం పొద్దున షాపాయన చెప్పులు వేసుకోకుండా, చప్పుడు చెయ్యకుండా సగం మెట్లు దిగి వంగి చూశాడు.

మెట్లకింద చిలుము బాబాయి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో పానా. ఊళ్ళోని నట్లన్నీ బిగించుకుంటూ తిరిగే ఆ మనిషి, అటూ ఇటూ చూసి, ఒక నట్టును వదులు చేస్తున్నాడు. "ఏమనుకోకమ్మా, గంటలో బిగించేస్తాగా" అని బ్యాటరీతో గొణుగుతున్నాడు. వదులు చేశాక లేవబోయాడు. మనసొప్పలేదు. మళ్ళీ కూర్చుని, ఆ గంటలోపు చిలుము పడుతుందేమోనని వదులు నట్టుకు వేసలిన్ పూశాడు.

షాపాయనకు నవ్వాగలేదు. ఎన్నాళ్ళుగానో లోపల ఉండిపోయిన నవ్వు. అది మెట్లన్నీ దొర్లుకుంటూ కిందిదాకా వెళ్ళింది. బాబాయి ఉలిక్కిపడి పానా వెనక్కి దాచాడు.

"నట్టు బిగించెయ్యండి బాబాయ్. ఎండ ముదరకముందే బయల్దేరదాం."

"ఏ నట్టు?"

"మీరు వదులు చేసిందే."

బాబాయి దాచిన పానా ముందుకు తీశాడు. "మీరు మరీ ఆ గదిలోంచి బయటికి రావడం లేదు" అన్నాడు. "మనుషుల్ని బయటికి తీసుకురావడం నాకేం తెలుసు? నాకొచ్చింది ఇదొక్కటే."

"మీ ఇంట్లో ఎవరుంటారు బాబాయ్?" ఇన్నాళ్ళూ ఈ మాట అడగనందుకు షాపాయనకే సిగ్గేసింది.

"ఉంటాయి. బ్రష్షులూ, డబ్బాలూ."

నట్టు బిగించారు. బండి లేచింది. బాబాయి వెనకెక్కాడు గానీ, ముఖం మాత్రం వాడిపోయింది.

"అన్నీ తెలిసిపోయాయి. ఇక వచ్చే ఆదివారం నేను దేనికి రావాలి?"

"టీ తాగడానికి రండి."

"ఎవరి బండికీ ఏమీ కాకుండానేనా?"

"ఊరికే రండి బాబాయ్."

బాబాయికి ఇది కొత్త సంగతి. ఒక్క పనిముట్టయినా లేకుండా ఒకరింటి తలుపు తట్టిన రోజు ఆయన జీవితంలో లేదు. బండి టీ బంకు దాటింది, వంతెన దాటింది. రైలుగేటు కూడా దాటాక, ముందుకు వంగి షాపాయన చెవిలో గట్టిగా అడిగాడు.

"ఊరికే వచ్చేవాళ్ళు మామూలుగా ఎన్నింటికి వస్తారు?"