బెంగపాలు

జాలారిపేటలో గంగాలమ్మ నోటికి జంకని మనిషి లేదు. మొగుడు పోయాక చేపల గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధులన్నీ తిరిగి ఒక్కగానొక్క కొడుకు రాముని పెంచింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ మొండితనమే ఆమెకి ఆస్తి.

తొంభయ్యారు తుపానులో రాము ఎక్కిన బోటు తిరిగి రాలేదు. కోడలు సూర్యకళ అప్పటికి పచ్చి బాలింత. మగడు కడలిలో చిక్కుకుంటే ఆ బెంగ పాలలోకి దిగుతుందనీ, కబురు తేలేదాకా బిడ్డకు చన్నివ్వకూడదనీ వాళ్ళ చుట్టాల్లో ఓ పట్టింపు. దాని తలాతోకా ఎవరు చూశారు గనక! గంగాలమ్మ పసిగుడ్డుని తన పక్కలోకి తెచ్చుకుని మేకపాలు పట్టింది. అవి పడలేదు. విరేచనాలు పట్టుకుని, బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా పోయింది.

గంగాలమ్మకి ప్రాణం పోయినంత పనయింది. తాను చేపలిచ్చే నర్సు పుష్పకుమారి దగ్గరికి బిడ్డను ఎత్తుకుని పరుగెత్తింది. క్లినిక్కులో సెలైను ఎక్కి బిడ్డ కాస్త తేరుకున్నాక నర్సు అడిగింది.

"తల్లి పాలు ఎందుకు మాన్పించావు?"

"అయ్యి బెంగపాలు అమ్మగోరూ. ఎలాగిత్తాం?"

"బెంగకి పాలు చెడిపోవు గంగాలమ్మా. మెదడులో డోపమైన్ అని ఒకటుంటుంది. అది పాలు తయారుచేయించే హార్మోనుని ఎప్పుడూ పట్టి ఉంచుతుంది. బిడ్డ చీకితేనే ఆ పట్టు సడలుతుంది. ఆ పాలని కిందికి దింపేది ఇంకో హార్మోను. దిగులుకి అది వెనకాడుతుంది. బిడ్డ ఒంటికి తగిలితే మళ్ళీ కదులుతుంది. నువ్వు బిడ్డనే తీసేశావు."

"అంటే ఆ పాలు ఎండగట్టింది నానేనా?"

పుష్పకుమారి బిడ్డను ఆమె చేతికిచ్చి, "ఇంకా ఎండిపోలేదు, పద" అంది.

ఆ పూటే బిడ్డ తల్లి ఒడికి చేరింది. మొదట్లో ఏమీ రాలేదు. క్లినిక్కువాళ్ళు ఇచ్చిన పాలు చెంచాతో పడుతూనే మాటిమాటికీ రొమ్ము అందించగా, చివరికి బొట్టుబొట్టుగా పడ్డాయి.

అంతలో రాము శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సూర్యకళ కొయ్యబారిపోయింది. పేటలో పెద్దది నూకాలు బిడ్డను లాక్కోబోయింది.

"ఇప్పుడు అసలే ఇయ్యకూడదే, సావుబెంగ ఇసం!"

"సెయ్యి తియ్యే!" అని గంగాలమ్మ అడ్డంగా కూర్చుంది. కోడలి వీపుని తన గుండెకి ఆనించుకుని, బిడ్డ నోటికి రొమ్ము అందించింది. "ఏడు తల్లీ. ఏడుత్తానే ఇయ్యి."

సూర్యకళ బావురుమంది. బిడ్డ చీకుతూనే ఉంది. ఎంతసేపటికో గుటక పడిన చప్పుడైంది. అప్పుడు గంగాలమ్మ తన కొడుకు కోసం గొంతెత్తి ఏడ్చింది.